పసుపు, కర్క్యుమిన్, ప్రయోగశాల: ‘పనిచేసింది’ అన్న మాటకు ఎన్ని అర్థాలు?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పసుపు బస్తాలు వచ్చే కాలంలో రైతుల మధ్య ఒకప్పుడు రెండే ప్రశ్నలు వినిపించేవి: కాడి (పొడుగు కొమ్ము) ఎంత పలికింది, గోళ (గుండ్రటి దుంప) ఎంత పలికింది. ఇప్పుడు మూడోది వచ్చి చేరింది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ ఎంత శాతం ఉంది? అదే మాట ఫోన్లలోనూ తిరుగుతోంది. పసుపులోని కర్క్యుమిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని ప్రయోగశాలలో తేలింది, మతిమరుపును ఆపుతుందని తేలింది, షుగర్‌ను తగ్గిస్తుందని తేలింది అంటూ రోజుకొక సందేశం వస్తోంది. మా పెద్దమ్మ మోకాళ్ల నొప్పులకు కర్క్యుమిన్ గోలీలు తెప్పించుకుంది. డాక్టర్‌ను అడిగావా అంటే, “ఇంట్ల పసుపే గద బిడ్డా, ఇంత ఎక్కువ తింటె ఏమైతది?” అంది.

ఆమె ప్రశ్న చాలా మంచిది. దానికి జవాబు వెతకబోతే, ప్రయోగశాలలో జరిగే పనికీ మందుల దుకాణంలో దొరికే గోలీకీ మధ్య ఉన్న దారంతా నడిచి రావాలి.

పసుపు వేరు, కర్క్యుమిన్ వేరు

ఎండిన పసుపు కొమ్ములో ఎక్కువ భాగం పిండిపదార్థమే. మిగిలినదాంట్లో పీచు, కొంచెం మాంసకృత్తులు, వాసననిచ్చే నూనెలు ఉంటాయి. పచ్చటి రంగునిచ్చే పదార్థాలు నూటికి 2 నుంచి 5 పాళ్లు మాత్రమే. మేఘాలయలో పండే లకడాంగ్ రకంలో అది 7 దాకా వెళుతుంది. ఈ రంగు పదార్థాలు ప్రధానంగా మూడు. మూడింటినీ కలిపి కర్క్యుమినాయిడ్లు అంటారు. వాటిలో అన్నింటికన్నా ఎక్కువగా ఉండేది కర్క్యుమిన్.

దాన్ని పసుపు నుంచి 1815లో వేరు చేశారు. దాని అణువు ఆకారం ఎలా ఉంటుందో తేలడానికి 1910 దాకా పట్టింది. రెండు చివర్లా రెండు వలయాలు, మధ్యలో వాటిని కలిపే ఒక గొలుసు ఉంటాయి. కర్క్యుమిన్ మంచీ చెడూ చాలావరకు ఆ మధ్య గొలుసులోనే ఉంది.

కాబట్టి ‘పసుపుపై పరిశోధన’ అని వార్త వస్తే, అది నాలుగింటిలో ఏదైనా కావచ్చు: కూరలో వేసే పొడి, పొడి నుంచి తీసిన సారం, శుద్ధి చేసిన కర్క్యుమిన్, లేదా కర్క్యుమిన్‌ను మార్చి కొత్తగా తయారు చేసిన పదార్థం. ఒకదాని ఫలితాన్ని ఇంకొకదానికి అంటగట్టడంతోనే సగం గందరగోళం మొదలవుతుంది.

వంటింట్లో అందరూ చూసిన నాలుగు సంగతులు

కర్క్యుమిన్ మందుగా మారడానికి అడ్డుపడుతున్న విషయాలు తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మన ఇళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా చూస్తున్నవే అవి.

మొదటిది. గ్లాసు నీళ్లలో పసుపు కలిపి కాసేపు వదిలేస్తే అడుగుకు చేరుతుంది. అదే పసుపు కాగిన నూనెలో వేస్తే నూనె మొత్తం పచ్చబడుతుంది. కర్క్యుమిన్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. మన రక్తం, పేగుల్లోని ద్రవం ఎక్కువగా నీళ్లే.

రెండోది. తెల్ల చొక్కా మీద పడ్డ పసుపు మరక సబ్బుకు పోదు. ఎండలో ఆరేస్తే మెల్లగా వెలిసిపోతుంది. వెలుతురు తగిలితే కర్క్యుమిన్ అణువు విరిగిపోతుంది.

మూడోది. అదే మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్లు చేసేదీ, పాత పద్ధతిలో కుంకుమ తయారయ్యేదీ ఇలాగే. క్షారం తగిలితే అణువు రూపం మారుతుంది, రంగు మారుతుంది, ఎక్కువసేపు నిలవలేక ముక్కలవుతుంది. మన రక్తం కూడా కొద్దిగా క్షారమే. రక్తానికి దగ్గరి స్వభావం ఉన్న ద్రావణంలో, ఒంటి వేడి దగ్గర, అరగంటలో నూటికి 90 పాళ్ల కర్క్యుమిన్ విచ్ఛిన్నమైపోతుందని 1997లోనే కొలిచారు. రక్తంలోని మాంసకృత్తులు తోడుంటే ఇంకొంత ఎక్కువసేపు నిలుస్తుంది.

నాలుగోది. పసుపు తగిలిన ప్రతిదానికీ అంటుకుంటుంది. గోళ్లకు, రోలుకు, మిక్సీ గిన్నెకు, ప్లాస్టిక్ డబ్బాకు. ఒంట్లోనూ అంతే. మంచి మందు తాళంచెవిలా ఒక తాళానికే సరిపోవాలి. కర్క్యుమిన్ కనబడ్డ ప్రతి మాంసకృత్తునూ ఎంతో కొంత పట్టుకుంటుంది.

ఔషధ రసాయన శాస్త్రంలో ఈ నాలుగింటికీ పెద్ద పెద్ద పేర్లున్నాయి. విషయం మాత్రం ఇదే.

‘పనిచేసింది’... ఎక్కడ, ఎంత మోతాదులో?

కొత్త మందు పరిశోధన మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదట గాజు గిన్నెలో పెంచిన కణాల మీద చూస్తారు. తర్వాత ఎలుకల మీద, ఆపైన కొద్దిమంది ఆరోగ్యవంతుల మీద. చివరికి పెద్ద సంఖ్యలో రోగులను తీసుకుని, సగం మందికి మందు, సగం మందికి మందులాగే కనిపించే ఉత్తుత్తి గోలీ ఇచ్చి పోలుస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూసే డాక్టర్‌కూ తెలియదు. వార్తల్లో వచ్చే ‘ప్రయోగశాలలో తేలింది’ చాలాసార్లు మొదటి మెట్టు సంగతే.

ఆ మెట్టుకూ మనిషికీ దూరం ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం.

గిన్నెలోని కణాల మీద ప్రయోగాల్లో కర్క్యుమిన్‌ను సాధారణంగా 10 మైక్రోమోలార్, అంతకన్నా ఎక్కువ గాఢతలో వాడతారు. మామూలు మాటల్లో చెప్పాలంటే లీటరు ద్రవంలో సుమారు 3.7 మిల్లీగ్రాములు. చాలా తక్కువే కదా అనిపిస్తుంది. బ్రిటన్‌లో పెద్దపేగు క్యాన్సర్ రోగులకు రోజుకు 3.6 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి రక్తం పరీక్షించారు, ఫలితాలు 2004లో వచ్చాయి. మందు వేసుకున్న గంటకు లీటరు ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, దొరికింది సుమారు 4 మైక్రోగ్రాములు (మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము). గిన్నెలో కణాలకు అందిన దానికన్నా ఇది 900 రెట్లు తక్కువ.

మరి 3.6 గ్రాముల కర్క్యుమిన్ అంటే ఎంత పసుపు? నూటికి 3 పాళ్లు ఉందనుకుంటే 120 గ్రాముల పొడి. ఒక మనిషి కూరలూ పప్పులూ కలిపి రోజుకు 2 గ్రాముల పసుపు తింటాడనుకుంటే, అది రెండు నెలల పసుపు. రెండు నెలల పసుపులోని కర్క్యుమిన్‌ను ఒక్కరోజులో మింగినా రక్తంలో మిగిలింది ఆ కొంచెమే. 2006లో అమెరికాలో వచ్చిన ఇంకో అధ్యయనంలో 24 మందికి వేర్వేరు మోతాదుల్లో, ఎక్కువలో ఎక్కువ 12 గ్రాముల దాకా ఇచ్చారు. 8 గ్రాముల వరకు తీసుకున్నవారి రక్తంలో ఏమీ దొరకలేదు. అంతకు మించి తీసుకున్నవారిలో ఇద్దరికి మాత్రం కాస్త కనిపించింది.

మిగతాదంతా ఎక్కడికి పోయింది? ఎక్కువ భాగం పేగుల నుంచి అలాగే బయటికి పోతుంది. లోపలికి వెళ్లిన కొంచెం కర్క్యుమిన్‌కు పేగు గోడ, కాలేయం కలిసి చక్కెర లాంటి ఒక తోకను తగిలించి, నీళ్లలో కరిగేలా చేసి పంపించేస్తాయి. తెలియని పదార్థం వస్తే ఒళ్లు చేసే పని అదే.

పరీక్షనే తప్పుదారి పట్టించే అణువు

ఇక్కడ ఇంకో చిక్కుంది, రసాయన శాస్త్రవేత్తలను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. ఒక పదార్థం పనిచేసిందా లేదా అని గిన్నెలో చూడటానికి చాలా పరీక్షలు వెలుగు మీద ఆధారపడతాయి. పని జరిగితే ద్రవం మెరుస్తుంది లేదా రంగు మారుతుంది, పరికరం దాన్ని కొలుస్తుంది. కానీ కర్క్యుమిన్ తానే రంగు, తానే మెరుస్తుంది. దొంగనోట్లు చూసే నీలి దీపం కింద స్పిరిట్‌లో కలిపిన పసుపును పెడితే ఆకుపచ్చ కాంతి కళ్లకు కనిపిస్తుంది. పరికరం చూసింది కణంలో జరిగిన మార్పునా, కర్క్యుమిన్ సొంత మెరుపునా అన్నది వేరు చేయడం కష్టమవుతుంది. దీనికితోడు అది లోహాలను పట్టుకుంటుంది, మాంసకృత్తులతో విచ్చలవిడిగా కలుస్తుంది, ఉండలు కడుతుంది. ఏ పరీక్ష పెట్టినా ఏదో ఒక ఫలితం వస్తుంది. ఇలా పరీక్షలను పక్కదారి పట్టించే పదార్థాల జాబితా ఒకటి 2010 నుంచి శాస్త్రవేత్తల చేతుల్లో ఉంది. కర్క్యుమిన్ ఆ కోవకు చెందినదే.

2017లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, ఇతరులు కలిసి కర్క్యుమిన్ మీద వచ్చిన పరిశోధననంతా జల్లెడ పట్టారు. అప్పటికే మనుషుల మీద 120కి పైగా ప్రయోగాలు జరిగినా, ఉత్తుత్తి గోలీతో సక్రమంగా పోల్చిన వాటిలో ఒక్కటీ విజయవంతం కాలేదని తేల్చారు. దీనికి తోడు అమెరికాలో ఈ రంగంలో ఎంతో పేరున్న ఒక ప్రయోగశాల పత్రాలు పాతికకు పైగా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వాటిలోని బొమ్మలు నమ్మదగినవి కావని తేలడమే కారణం. ఆ పత్రాలను నమ్మి తమ పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థులు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లు పోగొట్టుకున్న ఏళ్లు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

మిరియాలు, నానో రేణువులు

పసుపు పాలలో మిరియాల పొడి వేయడం మనకు తెలిసిందే. ఆ జోడీని బెంగళూరులో పరీక్షించిన ఫలితం 1998లో వచ్చింది. 2 గ్రాముల కర్క్యుమిన్‌కు, మిరియాల్లో ఘాటునిచ్చే పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే, ఒంట్లోకి చేరే కర్క్యుమిన్ 2000 శాతం పెరిగింది. మందు సీసాల మీద నేటికీ ఈ సంఖ్యే కనిపిస్తుంది. 20 మిల్లీగ్రాముల పైపరిన్‌కు అర గ్రాము మిరియాలు చాలు.

2000 శాతం నిజమే. కానీ ఎంతకు 2000 శాతం? దాదాపు ఏమీ లేనిదానికి. పెరిగిన తర్వాత కూడా లీటరు రక్తద్రవంలో 180 మైక్రోగ్రాములే, అదీ ముప్పావుగంట దగ్గర ఒక్కసారి తాకిన శిఖరం. గిన్నెలోని గాఢతకు అది ఇంకా 20 రెట్లు తక్కువ. పైగా కర్క్యుమిన్‌ను బయటికి పంపే కాలేయపు పనిని పైపరిన్ అడ్డుకుంటుంది. అదే కాలేయం మనం వేసుకునే ఇతర మందులనూ అలాగే పంపిస్తుంది కాబట్టి, వాటి మోతాదు కూడా రక్తంలో పెరిగే వీలుంది.

రెండో దారి నానో పద్ధతి, అంటే అతి సూక్ష్మమైన రేణువులు వాడటం. కర్క్యుమిన్‌ను కొవ్వు బుడగల్లోనో, చక్కెర అణువుల గూటిలోనో, పాలిమర్ రేణువుల్లోనో దాచి పంపిస్తారు. మన ఫార్మసీ కాలేజీల్లో విద్యార్థులు ప్రాజెక్టుగా ఎంచుకోవడానికి ఇంత అనువైన పదార్థం ఇంకొకటి లేదు. చవక, దొరుకుతుంది, రంగుంది కాబట్టి ఎక్కడికి పోయిందో కంటికి తెలుస్తుంది. ఈ పద్ధతులు చేరికను నిజంగానే పెంచుతాయి. అయితే ‘వంద రెట్లు ఎక్కువ’ అన్న ప్రకటనల వెనక కొలిచే తీరు చూడాలి. చాలా అధ్యయనాల్లో రక్త నమూనాకు ముందు ఒక ఎంజైమ్ కలిపి, కాలేయం తగిలించిన తోకను కత్తిరించి, ఆ తర్వాత మొత్తాన్ని కర్క్యుమిన్‌గా లెక్కిస్తారు. అంటే ఒళ్లు పారేయడానికి మూట కట్టినదాన్ని కూడా లాభంలో రాస్తున్నారన్నమాట.

మూడో దారి అణువునే మార్చడం. ఆ బలహీనమైన మధ్య గొలుసును తీసేసి గట్టిదాన్ని పెడతారు. ఇలా తయారైన కొన్ని ప్రయోగశాలలో బాగా నిలుస్తున్నాయి. అయితే అవి పసుపు కాదు, కర్క్యుమిన్ కూడా కాదు. వేల ఏళ్లుగా తింటున్నాం కాబట్టి భయం లేదన్న భరోసా వాటికి వర్తించదు.

మనుషుల్లో చూస్తే రెండు వైపులా ఆధారాలున్నాయి

ఇంతా చదివాక కర్క్యుమిన్ కథ ముగిసిందనుకోవద్దు. ఎదుటి పక్షం వాదన గట్టిదే. రక్తంలోకి చేరకపోతేనేం, పేగుల్లో ఉంది కదా అంటారు వాళ్లు. పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు ఉన్న 89 మంది మీద జపాన్‌లో 2006లో వచ్చిన ప్రయోగాన్ని చూపిస్తారు. మామూలు మందుతోపాటు రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్ తీసుకున్నవారిలో ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టింది నూటికి 5 మందికి లోపే. ఉత్తుత్తి గోలీ తీసుకున్నవారిలో నూటికి 20 మందికి. సంఖ్య చిన్నదే అయినా పోలిక సక్రమంగా ఉంది.

మా పెద్దమ్మ మోకాళ్లకు సంబంధించింది థాయ్‌లాండ్ నుంచి 2014లో వచ్చింది. 367 మందికి నాలుగు వారాలు పసుపు సారం లేదా మామూలుగా వాడే నొప్పి మందు ఇబుప్రొఫెన్ ఇస్తే, నొప్పి తగ్గడంలో రెండూ ఇంచుమించు సమానంగా నిలిచాయి. ఇందులో ఉత్తుత్తి గోలీ తీసుకున్న మూడో జట్టు లేదు. మోకాలి నొప్పి దానంతటదే ఎక్కువా తక్కువా అవుతుంటుంది కాబట్టి, ఆ జట్టు లేకపోవడం పెద్ద లోటు. అయినా ఈ ఫలితాన్ని కొట్టిపారేయలేం.

రెండో వైపు కెనడా ప్రయోగం. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బితే చేసే ఆపరేషన్‌కు వెళ్తున్న 606 మందిని పది ఆస్పత్రుల్లో తీసుకుని, ఒక జట్టుకు నాలుగు రోజుల్లో ఎనిమిది మోతాదులుగా కర్క్యుమిన్, ఇంకో జట్టుకు ఉత్తుత్తి గోలీ ఇచ్చారు. ఎలుకల్లో వచ్చిన ఆశాజనక ఫలితాలే దీనికి ప్రేరణ. మేలు కనిపించలేదు. పైగా మూత్రపిండాలు దెబ్బతినడం ఉత్తుత్తి గోలీ జట్టులో నూటికి 10 మందిలో ఉంటే, కర్క్యుమిన్ జట్టులో 17 మందిలో కనిపించింది. ఈ ఫలితం వచ్చింది 2018లో. దీన్ని మాత్రం నా ఫోన్‌కు ఎవరూ పంపలేదు.

నా అంచనా ఇది: పదార్థం నేరుగా తగిలే చోట్ల, అంటే పేగుల్లో, నోట్లో, చర్మం మీద, ఆశకు చోటుంది. రక్తం గుండా ప్రయాణించి మెదడుకో దూరాన ఉన్న కణితికో చేరాల్సిన చోట్ల ఆధారం బలహీనంగా ఉంది.

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు: ఎక్కువ తింటే ఏమవుతుంది?

కూరలో పసుపుతో భయం లేదు. గోలీ సంగతి వేరు. మందుల వల్ల కాలేయం దెబ్బతిన్నవారిని నమోదు చేసే అమెరికా వ్యవస్థ ఒకటి 2022లో పసుపు గోలీలకు సంబంధించిన పదిమంది వివరాలు ప్రకటించింది. ఒకరు చనిపోయారు. పరీక్షించిన ఏడు గోలీల్లోనూ పసుపు ఉందని ఖాయమైంది, వాటిలో మూడింట్లో మిరియాల పైపరిన్ కూడా ఉంది. ఆ పదిమందిలో ఏడుగురికి ఒకే రకమైన రోగనిరోధక జన్యువు కనిపించింది. అంటే ఈ ముప్పు అందరికీ సమానం కాదు, పుట్టుకతో వచ్చిన ఒక తేడా ఉన్నవారికి ఎక్కువ. లక్షలమంది వాడుతున్నదానికి ఇది అరుదైన సంగతే. అయినా ఒంట్లోకి చేరకపోవడమే ఇన్నాళ్లూ పసుపుకు రక్షణగా ఉందేమో, చేరికను పెంచుతూ పోతే ఆ రక్షణ పోతుందేమో అన్న అనుమానం శాస్త్రవేత్తల్లో గట్టిపడుతోంది.

పేటెంట్ గెలిచాం కదా!

పసుపు గురించి మాట్లాడితే ఈ మాట తప్పకుండా వస్తుంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచి ఆధారాలు చూపించి 1997లో రద్దు చేయించింది. అది గర్వపడాల్సిన గెలుపే. కాకపోతే ఆ కేసులో తేలింది ‘ఇది కొత్త సంగతి కాదు, మాకు ముందే తెలుసు’ అన్నంతవరకే. ఒక మందు పాతదా కొత్తదా అన్నది న్యాయం చూసే ప్రశ్న, పనిచేస్తుందా లేదా అన్నది వైద్యం చూసే ప్రశ్న.

లోపాలే గుణాలైన చోట

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మందుల వైపు కాదు, పదార్థాల వైపు. పైన చెప్పిన నాలుగు వంటింటి సంగతులు మందు చేసేవాడికి అడ్డంకులు. కొత్త పదార్థాలు తయారు చేసేవాడికి అవే పనిముట్లు.

చేప గానీ రొయ్య గానీ పాడవుతుంటే క్షార గుణమున్న వాయువులు వస్తాయి. పిండిపదార్థంతోనో జెలటిన్‌తోనో చేసిన పలచని పొరలో కర్క్యుమిన్ కలిపి ప్యాకెట్ లోపల అంటిస్తే, చేప పాడయ్యేకొద్దీ పచ్చటి పొర ఎర్రగా మారుతుంది. ప్యాకెట్ విప్పకుండానే తెలిసిపోతుంది. ఎర్రనీళ్లలో సున్నం చేసే పనే ఇక్కడ ఆ వాయువు చేస్తోంది.

వెలుతురుకు విరిగిపోవడం కూడా పనికొస్తుంది. నీలి కాంతి పడ్డప్పుడు కర్క్యుమిన్ చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను చురుకైన రూపాల్లోకి మారుస్తుంది, అది సూక్ష్మజీవులను చంపుతుంది. నోటిలో వాడటానికి దంతవైద్యులు దీన్ని పరీక్షిస్తున్నారు. గాయాల మీద వేసే జిగురు పట్టీల్లో, దారం కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులతో అల్లిన గుడ్డల్లో కర్క్యుమిన్‌ను నింపి మెల్లగా విడుదలయ్యేలా చేస్తున్నారు. ఇక్కడ రక్తంలోకి చేరాల్సిన పనే లేదు, అణువు పుండు మీదే ఉంటుంది. జంతువుల మీద ఫలితాలు బాగున్నాయి. తెగిన వేలికి అమ్మమ్మ పసుపు అద్దినప్పుడు తెలియకుండానే ఈ దారి పట్టింది. తేడా ఏమిటంటే ప్రయోగశాల పట్టీలో సూక్ష్మజీవులు ఉండవు, పసుపు డబ్బాలో ఉంటాయి.

మన రైతుకు ఈ శాతం లెక్క ఎందుకు?

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ప్రపంచంలో పండే పసుపులో 70 శాతానికి పైగా మన దేశానిదే. ఆర్మూర్, బాల్కొండ, మెట్‌పల్లి, కోరుట్ల రైతులు తరాలుగా దీన్నే నమ్ముకున్నారు. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం కూడా ఉంది. వంటకు కొనేవాడు రంగూ వాసనా చూస్తాడు, సారం తీసే కంపెనీ శాతం చూస్తుంది. అందుకే కర్క్యుమిన్ వార్తల హెచ్చుతగ్గులు చివరికి బస్తా ధరను తాకుతాయి.

శాతం కొలిచే మామూలు పద్ధతి సులువైనది. పొడిని స్పిరిట్ లాంటి ద్రావకంలో నానబెట్టి, దాని గుండా నీలి కాంతిని పంపి, ఎంత పీల్చుకుందో చూస్తారు. అది పచ్చదనాన్ని కొలుస్తుంది. పచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. కర్క్యుమిన్‌ను పెట్రోలియం నుంచి వచ్చే రసాయనాలతో ఫ్యాక్టరీలోనూ తయారు చేయవచ్చు, చవకగా. దాన్ని ‘సహజమైన పసుపు సారం’ పేరుతో గోలీల్లో కలుపుతున్న మోసం బయటపడింది కూడా. అణువు ఒక్కటే కాబట్టి కాంతి పరీక్షకు తేడా తెలియదు. ఇంకొంచెం లోతుగా విడదీసి చూస్తే, కొమ్ము నుంచి తీసినదాంట్లో మూడు కర్క్యుమినాయిడ్లూ ఉంటాయి, ఫ్యాక్టరీదాంట్లో ఒక్కటే ఉంటుంది. మోసగాడు మిగతా రెండూ తయారు చేసి కలిపితే ఆ పరీక్షా ఓడిపోతుంది.

అప్పుడు మిగిలేది కార్బన్-14. గాలిలోని కార్బన్‌లో ఈ రకం లేశమాత్రం ఉంటుంది, సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న పెట్రోలియంలో అది ఎప్పుడో అయిపోయింది. బాల్కొండ చేలో ఎనిమిది తొమ్మిది నెలలు నిలబడ్డ పసుపు మొక్క మాత్రం ఆ ఏటి గాలినే పీల్చి కొమ్ము కట్టింది, కాబట్టి దాని కర్క్యుమిన్‌లో కార్బన్-14 ఉంటుంది.